టైమ్‌షేర్ గది అద్దెకు తీసుకుంటే ట్రావెల్ ఇన్సూరెన్స్ కట్టాలా, వద్దా?

హన్మకొండలో ఒక కుటుంబం దసరా సెలవులకు మున్నార్ పోదామనుకుందని అనుకుందాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, అరవై ఎనిమిదేళ్ల నాయనమ్మ. సెలవుల్లో హోటల్ ధరలు చూసి వెనక్కి తగ్గారు. ఇంతలో తెలిసినాయన ఒకరు, "నాకు టైమ్‌షేర్ మెంబర్‌షిప్ ఉంది, ఈ యేడు మేం పోతలేం, నా వారం మీరు వాడుకోండ్రి, 48 వేలు ఇయ్యండ్రి" అన్నాడు. ఆరు రాత్రులు, రెండు బెడ్‌రూములు, చిన్న వంటగది. బేరం బాగానే ఉంది. వరంగల్‌లో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఎర్నాకుళంలో దిగి, అక్కడి నుంచి నూట ముప్పై కిలోమీటర్లు టాక్సీలో పోవచ్చు. ఇక మిగిలిన ప్రశ్న ట్రావెల్ ఇన్సూరెన్స్.

దేశంలోపల తిరిగే ఇలాంటి ప్రయాణాలకు జవాబు ఎక్కువసార్లు "వద్దు" అనే వస్తుంది. కానీ ఎందుకు వద్దో తెలియకుండా వద్దనుకునేవాళ్లు, తప్పకుండా తీసుకోవాల్సిన చోట కూడా అదే అలవాటుగా వదిలేస్తారు. అందుకే కారణాలు విడదీసి చూడాలి.

ముందుగా, ఆ గది ఎవరిది?

టైమ్‌షేర్ అంటే గది కొనుక్కోవడం కాదు. ఏటా కొన్ని రోజులు వాడుకునే హక్కు కొనుక్కోవడం. మన దేశంలో స్టెర్లింగ్ 1986లో, క్లబ్ మహీంద్రా 1996లో ఈ వ్యాపారం మొదలుపెట్టాయి. క్లబ్ మహీంద్రా పాత పథకంలోనైతే 25 ఏళ్ల పాటు ఏటా 7 రోజులు. ఏ నెలల్లో పోవచ్చన్నది పర్పుల్, రెడ్, వైట్, బ్లూ అనే సీజన్లను బట్టి ఉంటుంది. ఆ హక్కు మీద మెంబర్ ఏటా మెయింటెనెన్స్ ఫీజు కడుతుండాలి. ఫీజు బాకీ పడితే బుకింగ్ దొరకదు. ఒక క్లబ్ వారాన్ని ఇంకో దేశపు రిసార్ట్ వారంతో మార్పిడి చేసే ఆర్‌సీఐ లాంటి సంస్థలు వేరే ఉన్నాయి.

మీరు అద్దెకు తీసుకుంటున్నది ఈ హక్కులో ఒక ముక్క. రిసార్ట్‌కు మీకు నేరుగా ఏ ఒప్పందమూ లేదు. వాళ్ల దృష్టిలో మీరు మెంబర్ పంపిన గెస్ట్, అంతే. మీరు పైసలు ఇచ్చింది మెంబర్‌కు, గది ఇవ్వాల్సింది రిసార్ట్, బీమా రాసేది మూడో కంపెనీ. ఈ ముగ్గురి మధ్య ఉన్న సందులోనే తర్వాత గొడవంతా వస్తుంది.

పైగా గెస్ట్‌ను పంపడం వేరు, గదిని అద్దెకివ్వడం వేరు. ఆర్‌సీఐ ద్వారా మార్చుకున్న వారాన్ని గెస్ట్ సర్టిఫికెట్ తీసుకుని చుట్టాలకో స్నేహితులకో ఇవ్వొచ్చు గానీ, అద్దెకు అమ్ముకోవడానికి దాని నిబంధనలు ఒప్పుకోవు. అమ్మినట్టు తేలితే బుకింగ్ రద్దు చేసే అధికారం సంస్థకు ఉంది. మిగతా క్లబ్బుల్లో ఎవరి రూలు వారిది. అందుకే బేరం ఆడేముందు "ఇది మీ సొంత వారమా, ఎక్స్‌ఛేంజ్‌లో వచ్చిందా?" అని అడగాలి. చాలామంది అడగరు, మొహమాటం.

పాలసీ దేనికి పైసలిస్తుంది, దేనికి ఇవ్వదు

ప్రయాణం చెడిపోతే బీమా డబ్బులు వస్తాయని జనం అనుకుంటారు. అలా రావు. పాలసీలో రాసిన కారణాల వల్ల చెడిపోతేనే వస్తాయి. ఆ కారణాల జాబితా చిన్నది. పాలసీలో పేరున్న మనిషికి గానీ, దగ్గరి కుటుంబ సభ్యులకు గానీ మరణం, తీవ్రమైన జబ్బు, ప్రమాదం, ప్రకృతి వైపరీత్యం, కొన్నింటిలో సమ్మె, ఉగ్రవాద దాడి. దాదాపు అంతే.

ఇప్పుడు మన దగ్గర ప్రయాణాలు నిజంగా ఎందుకు ఆగిపోతాయో చూడండి. టీచర్‌కు ఎలక్షన్ డ్యూటీ పడుతుంది. బ్యాంకులో లీవ్ క్యాన్సిల్ చేస్తారు. మరదలి పెళ్లికి హఠాత్తుగా ముహూర్తం కుదురుతుంది. పిల్లాడి పరీక్ష తేదీ మారుతుంది. వీటిలో ఏదీ మామూలు పాలసీ జాబితాలో ఉండదు. పెద్దబాపు పోయాడనుకోండి. పెద్దకర్మ అయ్యేదాకా మైల, ఆ ఇంట్లో ఎవరూ విహారయాత్రకు బయల్దేరరు. కానీ పాలసీలో "దగ్గరి కుటుంబం" అంటే భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, ఎక్కువలో ఎక్కువ తోబుట్టువులు, అత్తమామలు. పెద్దబాపు, కాక, మేనమామ ఆ నిర్వచనంలో ఉండరు. ఈ ఒక్క పేరా చదవకుండా పాలసీ కొనేవాళ్లే ఎక్కువ.

అద్దె వైపు వచ్చే నష్టాలూ అంతే. మెంబర్ ఫీజు కట్టకపోవడంతో బుకింగ్ పోయింది, మెంబర్ అదే వారాన్ని ఇద్దరికి అంటగట్టాడు, రెండు బెడ్‌రూములని చెప్పి స్టూడియో గది ఇచ్చారు, అసలు మెంబర్‌షిప్పే లేదు, అంతా మోసం. టైమ్‌షేర్ అద్దెలో ఎక్కువగా భయపడాల్సినవి ఇవే. వీటికి మామూలు ట్రావెల్ పాలసీ పైసా ఇవ్వదు. అది ప్రయాణికుడి ఆపదలకు రాసిన కాగితం, అమ్మినవాడి మాటకు పూచీకత్తు కాదు.

ఊటీ, కొడైకెనాల్ పోయేవాళ్లకు ఇంకో చిక్కు. మద్రాస్ హైకోర్టు ఆదేశం మీద 2024 మే 7 నుంచి అక్కడికి వెళ్లే వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి చేశారు. తర్వాత రోజుకు ఇన్ని వాహనాలే అని పరిమితి కూడా వచ్చింది. పాస్ దొరక్క ఆగిపోతే అది మీ ఏర్పాట్ల లోపం కింద పోతుంది, బీమా కిందికి రాదు.

వాన మాట

ప్రకృతి వైపరీత్యం అని జాబితాలో ఉందిగా, అంటే సరిపోదు. ఎక్కడి వైపరీత్యం అన్నది చూడాలి.

2024 ఆగస్టు 31 రాత్రి కురిసిన వానకు మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర పట్టాల కింద మట్టి, కంకర కొట్టుకుపోయి కాజీపేట–విజయవాడ మార్గం తెగిపోయింది. రైళ్లు మళ్లీ నడవడానికి రోజులు పట్టింది. మన మున్నార్ కుటుంబం ఎక్కాల్సిన రైలు కూడా ఆ దారినే పోతుంది. అలాంటి రోజు వచ్చిందనుకోండి. రైల్వేనే రైలు రద్దు చేస్తే ఈ-టికెట్ డబ్బు మొత్తం దానంతటదే ఖాతాలోకి వెనక్కి వస్తుంది. టికెట్ నష్టం లేదు. కానీ మున్నార్‌లో ఎండ కాస్తోంది, రిసార్ట్ తెరిచే ఉంది, గది ఖాళీగా ఉంది. 48 వేలు ఎవరిస్తారు?

ఇక్కడ పాలసీ మాటలు మూడు రకాలుగా ఉంటాయి. కొన్నింటిలో "గమ్యస్థానంలో ప్రకృతి వైపరీత్యం" అని ఉంటుంది. అలాంటప్పుడు మన వైపు వరదకు ఏమీ రాదు. కొన్నింటిలో "బయల్దేరే చోట గానీ, గమ్యంలో గానీ" అని ఉంటుంది. వరంగల్‌లో ఎక్కాల్సినవాళ్లకు కేసముద్రం బయల్దేరే చోటు అవుతుందా కాదా అన్న వాదన అప్పుడు మొదలవుతుంది. మూడో రకంలో రైలు, విమానం లాంటి ప్రజారవాణా ఇన్ని గంటలకు మించి ఆగిపోతే అని రాసి ఉంటుంది. మనకు పనికొచ్చేది ఈ మూడోది. ఇదీ రైలుకు, విమానానికే వర్తిస్తుంది. సొంత కారులో పోయేవాళ్లకు, దారి మూసుకుపోయినా, చాలాసార్లు ఏమీ రాదు. మున్నార్ ఉన్న ఇడుక్కి జిల్లాలో భారీ వర్షాలప్పుడు కొండదారుల్లో రాత్రి ప్రయాణాలు ఆపేస్తుంటారు. టాక్సీ అక్కడ చిక్కుకుంటే పోయిన ఒక రాత్రి అద్దె కూడా మీదే.

ఇంకో షరతు: వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చాక, తుపానుకు పేరు పెట్టాక కొన్న పాలసీ ఆ వానకు పనిచేయదు. తెలిసిన ఆపదకు బీమా ఉండదు.

ఐఆర్‌సీటీసీ టికెట్‌తో వచ్చే 45 పైసల బీమాను కూడా కొందరు దీనితో కలిపి లెక్కేస్తారు. అది రైలు ప్రమాదానికి మాత్రమే. మరణానికి, శాశ్వత పూర్తి వైకల్యానికి 10 లక్షలు, గాయాలతో ఆసుపత్రిలో చేరితే 2 లక్షల వరకు. ఆ ధరకు వద్దనాల్సిన పని లేదు. టిక్ పెట్టి, తర్వాత ఫోనుకు వచ్చే లింకులో నామినీ పేరు నింపండి. ఎక్కువమంది ఆ రెండో పని చేయరు. అయితే గది అద్దెకు దీనికి సంబంధం లేదు.

లెక్క వేసి చూద్దాం

మొదట, నిజంగా మునిగేది ఎంతో తేల్చాలి. గది 48 వేలు, రైలు టికెట్లు ఒక 18 వేలు, టాక్సీ అడ్వాన్సు 5 వేలు అనుకుందాం. మొత్తం 71 వేలు. ఇందులో రైలు టికెట్లు ముందుగా రద్దు చేసుకుంటే కొద్దిపాటి కోతతో వెనక్కి వస్తాయి. టాక్సీవాడు తేదీ మారుస్తానంటాడు. గట్టిగా పోయేది గది అద్దె. మెంబర్ "పదిహేను రోజుల ముందు చెబితే సగం ఇస్తా" అన్నాడంటే అది 24 వేలకు దిగుతుంది. బీమా చూసుకోవాల్సింది ఈ మొత్తానికే గానీ ప్రయాణం ఖర్చంతటికీ కాదు.

ఇప్పుడు ఐదుగురికి కలిపి ప్రీమియం 1,800, రద్దు కవర్ (ప్రయాణం రద్దయితే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం) మనిషికి 10 వేలు, ప్రతి క్లెయిమ్‌లో మొదటి వెయ్యి మనమే భరించాలి అనుకుందాం. ఇవి ఉదాహరణ అంకెలే, మీ పాలసీలోవి వేసుకోండి. 48 వేలను ఐదుగురికి పంచితే తలా 9,600. వెయ్యి పోగా 8,600. ఐదుగురికీ వస్తే 43 వేలు. అంటే ప్రీమియానికి ఇరవై నాలుగు రెట్లు. ఇలాంటి ప్రయాణాలు ఇరవై నాలుగు చేస్తే ఒక్కటన్నా జాబితాలోని కారణంతో ఆగిపోతుందనిపిస్తే, ఈ బేరం సమానానికి సమానం.

కానీ నాయనమ్మ ఒక్కరే జ్వరంతో ఆసుపత్రిలో చేరితే? ఇంటిల్లిపాదీ ఆగిపోతారు, పాలసీ మాత్రం నాయనమ్మ వాటా 8,600 ఒక్కటే ఇవ్వొచ్చు. మిగతా నలుగురి వాటా రావాలంటే "కుటుంబ సభ్యుల అనారోగ్యం" అనే కారణం వాళ్ల పాలసీల్లోనూ ఉండాలి. లేకపోతే లెక్క ఐదు రెట్లకు పడిపోతుంది. ఐదు ప్రయాణాల్లో ఒకటి ఆగిపోయే ఇల్లైతే అసలు ముందస్తు బుకింగే చేయకూడదు.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. ప్రయాణం ఆగిపోయే అవకాశం ఎక్కువగా ఉండేది ఎవరి వల్ల? బీపీ, షుగరు, పాత గుండె జబ్బు ఉన్న పెద్దావిడ వల్ల. ఆ పాత జబ్బుల వల్ల వచ్చే రద్దును చాలా పాలసీలు మినహాయిస్తాయి. ఏ భయంతో పాలసీ కొంటున్నామో ఆ భయమే అందులో లేకుండా పోతుంది. దాచిపెట్టి కొంటే ఇంకా నష్టం; డిశ్చార్జ్ సమ్మరీలో "పదేళ్లుగా షుగర్" అన్న ఒక్క వాక్యం చాలు క్లెయిమ్ తిరగ్గొట్టడానికి.

దేశంలో వైద్యం ఖర్చుకైతే, ఇంట్లో మామూలు హెల్త్ పాలసీ ఉంటే అది మున్నార్‌లో కూడా పనిచేస్తుంది, దాని మీద ట్రావెల్ పాలసీ చాలావరకు రెండోసారి కొన్నట్టే. ఆరోగ్యశ్రీ మీద మాత్రం రాష్ట్రం దాటాక లెక్క పెట్టుకోవద్దు. సింగరేణి కుటుంబాలకు కంపెనీ వైద్యం ఉన్నా అది రెఫరల్ మీద నడిచేది, అర్ధరాత్రి వేరే రాష్ట్రంలో ఎలా వాడాలో బయల్దేరకముందే డిస్పెన్సరీలో కనుక్కోవాలి. ఏ హెల్త్ పాలసీ లేనివాళ్లకు దేశీయ ట్రావెల్ పాలసీలోని ఆసుపత్రి కవర్ కొంత ఆసరా.

క్లెయిమ్ మునిగేది కాగితాల దగ్గర

కారణం సరైనదే, వ్యాధి కొత్తదే, అయినా డబ్బు రాకపోవచ్చు. రద్దు క్లెయిమ్‌కు బీమా కంపెనీ అడిగేవి: మీ పేరు మీద బుకింగ్ కాగితం, డబ్బు కట్టిన రుజువు, "రద్దయింది, ఇంత తిరిగి ఇవ్వం" అని గది ఇచ్చినవాళ్లు రాసిచ్చిన ఉత్తరం. హోటలైతే ఈ మూడూ మెయిల్‌లో వస్తాయి. టైమ్‌షేర్ అద్దెలో ఏమవుతుందంటే, కన్ఫర్మేషన్ పైన మెంబర్ పేరు, మెంబర్‌షిప్ నంబరు ఉంటాయి. మీ పేరు కింద గెస్ట్ అన్నచోట ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. అందులో అద్దె మొత్తం ఎక్కడా కనిపించదు, ఎందుకంటే రిసార్ట్ లెక్కలో అది అద్దె కాదు. మీ దగ్గరున్నది యూపీఐ స్క్రీన్‌షాట్. దాంట్లో ఒక మనిషి పేరు, 48,000, నోట్‌లో ఏమీ లేదు. అది చేబదులో, చిట్టీ డబ్బో ఎవరు చెప్పాలి? రద్దు ఉత్తరం రాసివ్వమంటే, క్లబ్ నిబంధనలు అద్దెను ఒప్పుకోకపోతే మెంబర్ రాయడు. రాస్తే తన మెంబర్‌షిప్‌కే ఎసరు.

కాబట్టి పాలసీ కొనాలనుకుంటే ఆ కొనడం కంటే ముందు ఈ పని చేయాలి: గెస్ట్‌గా మీ అందరి పేర్లతో కన్ఫర్మేషన్, మెంబర్ సంతకంతో రసీదు. రసీదులో రిసార్ట్ పేరు, చెక్-ఇన్, చెక్-అవుట్ తేదీలు, గది రకం, మొత్తం, రద్దు షరతు ఉండాలి. యూపీఐ నోట్‌లో "మున్నార్ గది అద్దె" అని తేదీలతో రాయాలి. మెంబర్ ఇవి ఇవ్వనంటే పాలసీ కొనడం దండగ, ఆ అద్దె బేరమే ఇంకోసారి ఆలోచించుకోవాలి.

నిజానికి ఈ జాగ్రత్తలే 1,800 ప్రీమియం కంటే ఎక్కువ కాపాడతాయి. నాలుగో వంతు అడ్వాన్సు ఇచ్చి, మీ పేరుతో కన్ఫర్మేషన్ వచ్చాక ఇంకో సగం, చెక్-ఇన్ అయ్యాక మిగతాది ఇవ్వండి. కన్ఫర్మేషన్ నంబరు సరైనదో కాదో రిసార్ట్‌కు ఫోన్ చేసి అడగండి. ఆ ఫోన్ నంబరు మెంబర్ ఇచ్చింది కాకుండా మీరే వెతికి పట్టుకున్నదై ఉండాలి. పోయే వారం ముందు ఇంకోసారి అడగండి. మధ్యలో బుకింగ్ మారినా, ఫీజు బాకీ వల్ల ఆగినా అప్పుడే బయటపడుతుంది. రిసార్ట్‌లో విడిగా వసూలు చేసే కరెంటు, వంటపాత్రలు, అదనపు మనిషి చార్జీలు ఎవరివో ముందే మాట్లాడుకోండి. మోసమని తేలితే ఒక్క గంట కూడా ఆగకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఇంకా ఆ ఖాతాలోనే ఉంటే ఆపే వీలుంటుంది.

అమెరికాలో అయితే కథ వేరు

వరంగల్, కరీంనగర్ నుంచి పిల్లల దగ్గరికి పోయే తల్లిదండ్రులు ఎందరో. పిల్లలు అక్కడ ఓర్లాండోలోనో, లాస్ వేగాస్‌లోనో ఎవరిదో టైమ్‌షేర్ వారం అద్దెకు తీసుకుని అందరినీ తీసుకుపోతారు. ఇక్కడ రెండు బీమాలను కలపకూడదు. తల్లిదండ్రులకు వైద్యం బీమా తప్పనిసరి, దాని గురించి లెక్కలు వేయడం అనవసరం. అక్కడి ఎమర్జెన్సీ బిల్లు ముందు గది అద్దె చిల్లర. తీసుకునేటప్పుడు ఒక వయసు దాటాక జబ్బుకింత అని పెట్టే ఉపపరిమితులు, పాత జబ్బుల షరతు చూడాలి. యూరప్ పోయేవాళ్లకు షెంగెన్ వీసాకే కనీసం 30,000 యూరోల వైద్య కవర్ అడుగుతారు.

గది అద్దెకు బీమా అక్కడి పిల్లలు తమ పేరు మీద కొనేది. అట్లాంటిక్ తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. ఆ నెలల్లో ఫ్లోరిడా గదికి అద్దె పెద్దదైతే, రద్దు కవర్‌కు అర్థముంది. "ఏ కారణానికైనా రద్దు" అనే అదనపు కవర్ కూడా అక్కడ దొరుకుతుంది. మన పెద్దబాపు మైల, లీవు దొరకకపోవడం లాంటివి పట్టేది అదొక్కటే. అయితే సాధారణంగా 50 నుంచి 75 శాతమే తిరిగొస్తుంది. మొదటి అడ్వాన్సు కట్టిన 14 నుంచి 21 రోజుల్లోపే కొనాలి. బయల్దేరడానికి సాధారణంగా 48 గంటల ముందే రద్దు చేయాలి. పాత జబ్బుల మినహాయింపును ఎత్తేసే వెసులుబాటుకు కూడా చాలాసార్లు అదే గడువు. సొంత టైమ్‌షేర్ ఉన్నవాళ్లు కట్టే ఏడాది మెయింటెనెన్స్ ఫీజు, వాడని పాయింట్లు (కొన్ని క్లబ్బులు రోజుల బదులు ఇచ్చేవి) మాత్రం మామూలు పాలసీల్లో నష్టంగా లెక్కకు రావు.

కొంటే, ఎప్పుడు కొనాలి, ఏం చేయాలి

రద్దు కవర్ పాలసీ కొన్న రోజు నుంచే మొదలవుతుంది, మిగతా కవర్ ఇల్లు కదిలాక. కాబట్టి పోయే ముందురోజు కొంటే రద్దు కవర్‌కు కట్టిన భాగం దాదాపు వృథా. అడ్వాన్సు కట్టిన రోజే కొనడం సరైన సమయం. టికెట్ల సైట్‌లో ముందే టిక్ పెట్టి ఉన్న బీమాను (పైన చెప్పిన 45 పైసలది కాదు) చూడకుండా వదిలేయొద్దు, తీసేయండి. అడగకుండా బుట్టలో వేయడాన్ని 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు నిషేధించాయి. ఆ బీమా ఎక్కువగా ఆ టికెట్ వరకే పరిమితం, మెంబర్‌కు కట్టిన అద్దె దానికి తెలియదు.

జబ్బుతో ప్రయాణం ఆగిపోతే పనుల వరుస ముఖ్యం. ముందు డాక్టర్ దగ్గర "ఫలానా తేదీ వరకు ప్రయాణం చేయకూడదు" అని రాయించుకోవాలి, ఆ కాగితం మీద తేదీ బయల్దేరే రోజుకు ముందుదై ఉండాలి. ఆ రోజే మెంబర్‌కు రద్దు సంగతి మెసేజ్‌లో చెప్పాలి. ఆలస్యం చేసి కోత పెరిగితే ఆ పెరిగిన ముక్కను కంపెనీ ఇవ్వదు. అదే రోజు కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోవాలి. వాడని రైలు టికెట్లు కూడా రద్దు చేసి, వచ్చిన రీఫండ్ చూపించాలి.

క్లెయిమ్ తిరగ్గొడితే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఏడాది లోపు ఫిర్యాదు చేయొచ్చు. 50 లక్షల వరకు వివాదాలు అక్కడ తేలుస్తారు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. లేదంటే మీరు ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌కే పోవచ్చు, దానికి గడువు రెండేళ్లు. బీమా కంపెనీ మీద ఈ రెండు దారులూ గట్టివే. గది అద్దెకిచ్చిన మెంబర్ మీద మాత్రం కష్టం: ఒక్కసారి తన వారం ఇచ్చిన మనిషిని వ్యాపారిగా చూపించడం అంత తేలిక కాదు, సివిల్ కోర్టే మిగులుతుంది, అక్కడ కూడా పైన చెప్పిన రసీదే అడుగుతారు.